కప్పు దాకా రాని దగ్గు

(పల్లె ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్లకు వినపడుతోందా? సరే.

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు. పల్లెటూరి ప్రభుత్వ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి, ఏళ్ల తరబడి మైక్రోస్కోపు ముందు కూర్చుని, ఆ తర్వాత వేరేవాళ్లు చదివిన స్లైడ్లు మళ్లీ చదివి తప్పులు పట్టే పనిలో పడ్డవాణ్ణి. తప్పులు పట్టేవాణ్ణి ఎవరూ టీకి కూడా పిలవరు, అలాంటిది ఇవాళ మైకిచ్చి మరీ మాట్లాడమన్నారు. (నవ్వులు)

పల్లె ఆసుపత్రుల్లో టీబీ ఎందుకు దొరకడం లేదన్నది నాకిచ్చిన అంశం. ఈ ప్రశ్న ఎవర్ని అడిగినా జవాబు ఒకటే వస్తుంది: జనానికి అవగాహన లేదండీ, ముదిరేదాకా రారండీ, వచ్చినా చెప్పినట్టు వినరండీ. నేనూ చాలాకాలం అదే అన్నాను. ఇప్పుడు అనను, ఎందుకంటే ఆ మాట కొంతవరకే నిజం, మిగతాదంతా మన సౌకర్యం కోసం చెప్పుకునేది.

ఒక పాత సంగతి చెప్తాను. బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ అని ఉంది కదా, వాళ్లు తుమకూరు జిల్లా పల్లెల్లో ఒక అధ్యయనం చేసి 1963లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ప్రచురించారు. కళ్లెలో క్రిములున్నట్టు తేలిన మనుషుల దగ్గరికి వెళ్లి, మీకు ఒంట్లో బాగాలేదని తెలుసా, తెలిస్తే ఏం చేశారు అని అడిగారు. వాళ్లలో చాలామందికి తమకేదో జబ్బుందని తెలుసు. దాదాపు సగం మంది అప్పటికే ఆసుపత్రికి వెళ్లొచ్చారు కూడా. అక్కడ వాళ్ల చేతికొచ్చింది దగ్గుమందు సీసా. అరవై ఏళ్లు దాటిపోయింది ఆ మాట రాసి. మందు సీసా మీద లేబుల్ మారింది, అంతే.

కాబట్టి ఇవాళ నేను రానివాళ్ల గురించి మాట్లాడను. వచ్చినవాళ్ల గురించే. దగ్గుతూ మన గేటు లోపలికి వచ్చి, దగ్గుతూనే గేటు బయటికి వెళ్లిపోయిన మనిషి మధ్యలో ఎక్కడెక్కడ జారిపోయాడో చూద్దాం.

ఇది చిన్న లెక్కేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద 1 కోటి 8 లక్షల మందికి కొత్తగా టీబీ వచ్చింది. జబ్బు తేలి పేరు నమోదైంది 82 లక్షల మందికి. మిగతా పాతిక లక్షల పైచిలుకు మంది ఏమయ్యారు? కొందరు ప్రైవేటులో మందు వాడుతూ లెక్కకెక్కలేదు. చాలామంది మాత్రం ఎక్కడో ఒకచోట దగ్గుతూనే ఉన్నారు, వాళ్ల ఓపీ చీటీలు ఏదో ఒక ఆసుపత్రిలో ఉండే ఉంటాయి.

ఓపీ గది నుంచే మొదలుపెడదాం. ఒక్క డాక్టరు, బయట వరండా నిండా జనం. మనిషికి రెండు నిమిషాలు దొరికితే గొప్ప. ఒకాయన వస్తాడు. పుస్తకంలో రాసినట్టు "నాకు రెండు వారాల నుంచి దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గాను" అని చెప్పడు. ఎవరూ చెప్పరు. "ఒంట్లో నీరసంగా ఉందండీ, అన్నం సయించట్లేదు" అంటాడు. దగ్గుందా అంటే, "అది ఎప్పుడూ ఉండేదేనండీ, పొగ తాగే అలవాటుంది కదా" అంటాడు. డాక్టరు గారి చెయ్యి అప్పటికే రాస్తూ ఉంటుంది. అయిదు రోజుల యాంటీబయాటిక్, దగ్గుమందు, బలానికి మాత్రలు. తర్వాత ఎవరమ్మా, రండి.

మూడు వారాలకు ఆయన మళ్లీ వస్తాడు. ఈసారి వేరే డాక్టరు. చీటీ కొత్తది. పాత చీటీ ఇంట్లో ఎక్కడో పోయింది, తెమ్మని ఎవరూ చెప్పలేదు కూడా. కాబట్టి ఆసుపత్రి దృష్టిలో ఇది మొదటిసారి. ఆయన నాలుగోసారి వచ్చినా మొదటిసారే. నన్నడిగితే ఇంతకన్నా పెద్ద అడ్డంకి ఇంకొకటి లేదు: జబ్బుకి గుర్తుంది, రోగికి గుర్తుంది, ఆసుపత్రికి మాత్రం గుర్తుండదు. ఇదే దగ్గుకి ఇంతకుముందు మందు తీసుకున్నారా అని ఒక్క ముక్క అడిగితే పట్టుబడేవాళ్లు ఎంతమందో.

మధ్యలో ఆ యాంటీబయాటిక్ సంగతి కూడా చెప్పాలి, డాక్టర్లు ఏమీ అనుకోవద్దు. లివోఫ్లాక్సాసిన్ లాంటివి ఉన్నాయి కదా, ఆ జాతి మందులు టీబీ క్రిమి మీద కూడా పనిచేస్తాయి. అందుకే మామూలు టీబీ మందులకు లొంగని మొండి టీబీకి వాటిని వాడుతున్నాం. మామూలు దగ్గనుకుని ఒక వారం ఇస్తే ఏమవుతుంది? క్రిములు కొన్ని చస్తాయి, రోగికి తేలిక పడుతుంది, "డాక్టరు గారి చెయ్యి మంచిదండీ" అని మెచ్చుకుంటాడు కూడా. ఆ వారంలో కళ్లె తీస్తే క్రిమి కనపడకపోవచ్చు. నెల తిరిగేసరికి దగ్గు రెట్టింపై తిరిగొస్తుంది. అందుకే టీబీ అనుమానం ఏమాత్రం ఉన్నా ముందు కళ్లె పరీక్ష, తర్వాతే ఆ మందు. వరస తిరగబడకూడదు.

డాక్టర్లకు తెలీక ఇలా జరుగుతోందా అంటే, అదీ కాదు. చైనా పల్లెల్లో ఒక అధ్యయనం చేసి 2017లో ప్రచురించారు. మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, టీబీ లక్షణాలు చెప్పేలా తయారుచేసి, రోగుల్లాగా ఆసుపత్రులకు పంపారు. అందరూ ఒకే జబ్బు మాటలు చెప్పారు. జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో నూటికి 90 సార్లు సరైన పని చేశారు, అంటే పరీక్ష రాయడమో, సరైన చోటికి పంపడమో. దానికింది పట్టణ కేంద్రాల్లో అది 38. ఊళ్లో క్లినిక్కుల్లో 28. ఇందులో నన్ను పట్టుకున్న విషయం ఇంకొకటుంది. అదే రోగి కథ కాగితం మీద రాసిచ్చి ఏం చేస్తారు అని అడిగితే, ఆ డాక్టర్లే చాలా మెరుగ్గా జవాబు చెప్పారు. అంటే తెలుసు. తెలిసినా ఆ రెండు నిమిషాల్లో చెయ్యి అటు పోలేదు. కాబట్టి దీనికి ఇంకో శిక్షణ తరగతి పెడితే సరిపోతుందని నాకు నమ్మకం లేదు. నేనిప్పుడు చేస్తున్నదీ అదేననుకోండి. (నవ్వులు)

ఇంకొకటి, మనం దగ్గునే పట్టుకుని కూర్చుంటాం. చాలా దేశాల్లో ఇంటింటి సర్వేలు చేసి, ఎక్స్‌రే తీసి, కళ్లె పరీక్షించి చూస్తే, క్రిమి ఉన్నట్టు తేలినవాళ్లలో ఇంచుమించు సగం మంది తమకు దగ్గు లాంటి లక్షణాలేవీ లేవనే చెప్పారు. "రెండు వారాల దగ్గుందా" అన్న ప్రశ్న వందసార్లు సరిగ్గా అడిగినా ఆ సగం జారిపోతుంది. దానికి ఎక్స్‌రే కావాలి. ఎక్స్‌రేని కంప్యూటరు చదివే పద్ధతిని 2021లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 15 ఏళ్లు దాటినవాళ్లకు ఒప్పుకుంది, ఎక్స్‌రే చదివే డాక్టరు లేనిచోట అది నిజంగా పనికొస్తుంది. కాకపోతే ఎక్స్‌రే మిషనే లేనిచోట కంప్యూటరు దేన్ని చదువుతుంది? అందుకని ఉన్నదానితో మాట్లాడదాం.

సరే, అదృష్టవశాత్తు డాక్టరు గారు కళ్లె పరీక్ష రాశారనుకోండి. ఇప్పుడు నా పేటలోకి వచ్చారు.

రోగి చీటీ పట్టుకుని ల్యాబ్ కిటికీ దగ్గరికి వస్తాడు. లోపలున్నవాడు తల ఎత్తకుండా ఒక ప్లాస్టిక్ కప్పు బయటికి తోస్తాడు. "ఇందులో ఉమ్మి తీసుకురా." అయిపోయింది. ఆ ఒక్క మాటతోనే పరీక్ష సగం పాడైపోయింది, ఎందుకంటే రోగి మనం చెప్పినట్టే చేస్తాడు, ఉమ్మే తెస్తాడు! మూత తిప్పి చూస్తే అడుగున నీళ్లలా తేటగా, పైన నురగ. నోట్లో ఊరిన లాలాజలం అది. మనకు కావాల్సింది ఊపిరితిత్తుల అడుగు నుంచి వచ్చే కళ్లె, చిక్కగా, పచ్చగానో తెల్లగానో, ఒక్కోసారి పెరుగు తరకల్లాంటి ముక్కలతో. ఆ ముక్కల్లోనే క్రిములుంటాయి. ఉమ్మిలో వెతకడమంటే వాకిట్లో పోగొట్టుకున్నది పెరట్లో వెతకడం.

ఇంక ఆడవాళ్ల సంగతి. నలుగురు మగవాళ్లు నిలబడ్డ వరండాలో ఒకావిడ గట్టిగా దగ్గి, కాండ్రించి కళ్లె తియ్యాలంటే ఎంత ఇబ్బందో మీలో ఆడవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కొంగు అడ్డం పెట్టుకుని కాస్త ఉమ్మేసి, కప్పు పెట్టి వెళ్లిపోతుంది. రిపోర్టు నెగటివ్. అక్కణ్ణుంచి ఆవిడ దగ్గు "ఏమీ లేని దగ్గు" అయిపోతుంది, ఇంట్లోవాళ్లు కూడా పట్టించుకోరు.

పాకిస్తాన్‌లోని రావల్పిండిలో ఒక టీబీ కేంద్రంలో దీని మీద ఒక ప్రయోగం చేశారు, 2007లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. యంత్రం లేదు, కొత్త మందు లేదు. కొంతమందికి కప్పు ఇచ్చేముందు కళ్లె ఎలా తియ్యాలో విడమరిచి చెప్పారు, కొంతమందికి మామూలుగా కప్పిచ్చి పంపారు. అంతే తేడా. చెప్పని ఆడవాళ్లలో నూటికి 8 మందికి టీబీ తేలితే, చెప్పినవాళ్లలో 13 మందికి తేలింది. మగవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కిటికీలోంచి నేను తోసిన కప్పులు ఎన్ని వేలు ఉంటాయో లెక్కేసుకోండి.

అందుకని ఇది ఒక్కటి చేసి చూపిస్తాను, బాగా చూడండి. (వక్త ఖాళీ కప్పు చేతిలోకి తీసుకుంటారు) ముందు నీళ్లతో నోరు పుక్కిలించమనాలి, నోట్లో తిన్నదేదైనా ఉంటే పోతుంది. తర్వాత గది బయటికి, గాలి ఆడేచోటికి, మనుషులకు దూరంగా పంపాలి. బాత్రూంలోకి మాత్రం పంపొద్దు, గాలాడని చోట దగ్గితే తర్వాత వెళ్లేవాళ్లకు అంటుతుంది. నిలబడి గట్టిగా ఊపిరి పీల్చి కాసేపు బిగబట్టి వదలమనాలి. మళ్లీ ఇంకోసారి. మూడోసారి పీల్చి పొట్టలోంచి దగ్గమనాలి, ఇలా. (దగ్గి చూపిస్తారు) గొంతులోంచి కాదు, పొట్టలోంచి. వచ్చింది కప్పులో వేసి మూత గట్టిగా బిగించమనాలి. తెచ్చాక మూత తీసిచూడండి. ఉమ్మి అయితే తిట్టకండి, ఇంకోసారి ప్రయత్నించమనండి. ఆడవాళ్లకైతే ఆడమనిషే చెప్పాలి, ఎవరూ చూడని మూల ఒకటి చూపించాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఎవరి ఆర్డరూ అక్కర్లేదు.

ఇప్పుడు స్లైడు, అంటే కళ్లె పూసిన గాజు పలక. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ బెర్లిన్‌లో ఈ క్రిమిని చూపించింది 1882 మార్చి 24న. ఎర్ర రంగు వేసి, వేడి చేసి, యాసిడ్‌తో కడిగి, నీలం రంగు వేసే పద్ధతి కూడా ఆ ఒకటి రెండేళ్లలోదే. మనం ఈనాటికీ చాలాచోట్ల అదే చేస్తున్నాం. తప్పు లేదు, చవక, నమ్మకమైనది, పాజిటివ్ అంటే పాజిటివే. కానీ మిల్లీలీటరు కళ్లెలో 5 వేల నుంచి 10 వేల క్రిములుంటే తప్ప కంటికి కనపడవు. జబ్బు మొదట్లో ఉన్నవాళ్లకు, హెచ్ఐవీ ఉన్నవాళ్లకు అన్ని క్రిములు రావు. కాబట్టి స్లైడు నెగటివ్ అంటే టీబీ లేదని కాదు, కనపడలేదని. ఈ తేడా రోగికి ఎవరూ చెప్పరు. సగంమంది డాక్టర్లు కూడా నెగటివ్ అని చూడగానే ఫైలు మూసేస్తారు.

అదీ స్లైడు సరిగ్గా చదివితే. నెగటివ్ అని రాయాలంటే 100 ఫీల్డులు చూడాలి, ఫీల్డు అంటే మైక్రోస్కోపులో ఒకసారికి కనపడే గుండ్రటి భాగం. ఎంత చెయ్యి తిరిగినవాడికైనా అయిదు నిమిషాలు పడుతుంది. అందుకే రోజుకు పాతిక స్లైడ్లకు మించి చదవొద్దంటారు, కళ్లు అలిసిపోయాక ఎర్ర పుల్లలాంటి క్రిమి కళ్లముందే ఉన్నా కనపడదు. మన టెక్నీషియన్ సంగతేంటి? మలేరియా స్లైడ్లు అతనే, రక్తం, షుగరు, గర్భిణుల పరీక్షలు అన్నీ అతనే, పైగా కంప్యూటర్లో ఎక్కించడం కూడా అతనే. మధ్యాహ్నం ఒంటిగంటకు 30 స్లైడ్లు మిగిలుంటే ఏం చేస్తాడు? ఇరవై ఫీల్డులు చూసి నెగటివ్ రాస్తాడు. నేను చేశాను కాబట్టి చెప్తున్నా. ఒకసారి కాదు.

తర్వాత తనిఖీల్లో దీన్ని పట్టుకోవడానికి నాకొక కిటుకు దొరికింది. 100 ఫీల్డుల్లో 1 నుంచి 9 క్రిములు మాత్రమే కనపడితే దాన్ని "స్కాంటీ" అని రాయాలి. స్లైడ్లు నిజంగా పూర్తిగా చదివే ల్యాబులో అప్పుడప్పుడూ స్కాంటీలు పడుతూనే ఉంటాయి. ఒక ల్యాబ్ రిజిస్టరులో నెలల తరబడి త్రీ ప్లస్సులు (క్రిములు విపరీతంగా ఉన్నవి), నెగటివ్‌లు తప్ప ఒక్క స్కాంటీ కూడా లేదంటే, అక్కడ వంద ఫీల్డులు ఎవరూ చూడట్లేదని నాకర్థమైపోతుంది. గోడను కప్పేసేంత క్రిములుంటే తప్ప వాళ్లకు దొరకట్లేదన్నమాట.

మరి క్రిమి జన్యువును పట్టే కొత్త యంత్రాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. జీన్ఎక్స్‌పర్ట్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 డిసెంబరులో సిఫార్సు చేసింది. మిల్లీలీటరుకు 130 క్రిములున్నా పట్టేస్తుంది, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా చెప్తుంది, అంతా రెండు గంటల్లోపు. స్లైడు కన్నా ఎన్నో రెట్లు మేలు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. అయినా 2023లో జబ్బు తేలినవాళ్లలో ఇలాంటి త్వరిత పరీక్షతో మొదలైనవాళ్లు ప్రపంచం మొత్తం మీద సగం కూడా లేరు. ఎందుకంటే ఆ యంత్రం సుకుమారి. నిలకడగా కరెంటు కావాలి, గది 30 డిగ్రీలు దాటకూడదు, కళ్లె పోసే కార్ట్రిడ్జులు 28 దాటకూడదు, దుమ్ము పడకూడదు, ఏటా యంత్రం కొలత సరిగ్గా ఉందో లేదో సరిచూడాలి. బ్యాటరీతో నడిచే ట్రూనాట్ లాంటివి వచ్చాక కొంత నయం. మొత్తానికి యంత్రం పెద్ద ఊళ్లో ఉంటుంది, కళ్లె పల్లెలో ఉంటుంది. మధ్యలో కప్పు ప్రయాణం చెయ్యాలి.

ఆ ప్రయాణం ఎలా ఉంటుందంటే, వారానికి రెండుసార్లు వచ్చే మనిషి ఆ రోజు సెలవు. కప్పు ఫ్రిజ్‌లో టీకాల పక్కన పెట్టకూడదని ఎవరో అంటే బల్లమీద ఉండిపోయింది. మూత సరిగ్గా బిగించక కారి, బాల్ పెన్నుతో రాసిన నంబరు చెరిగిపోయింది. అక్కడికి చేరాక "శాంపిల్ రిజెక్టెడ్". యంత్రానికి పట్టేది రెండు గంటలే, దాని దగ్గరికి చేరడానికే వారం. ఆ వారంలో రోగి రెండుసార్లు వచ్చి రిపోర్టు రాలేదని వెనక్కి వెళ్లాడు. కూలికి పోయే మనిషికి ఒక్కో రాకా ఒక్కో రోజు కూలి. మూడోసారి రాడు.

ఇది ఊరికే అనడం లేదు. పరీక్షలో టీబీ అని తేలాక కూడా చికిత్స మొదలుపెట్టకుండా తప్పిపోయినవాళ్ల లెక్కలన్నీ కూడి 2014లో ఒక సమీక్ష వచ్చింది. ఆఫ్రికాలో 18 శాతం, ఆసియాలో 13 శాతం. తేలాక! ఇంత కష్టపడి పట్టుకున్నాక రిపోర్టు ల్యాబ్‌లో, రోగి ఇంట్లో. రిజిస్టరు చూస్తే ఫోన్ నంబరు పక్కింటివాళ్లది, చిరునామా దగ్గర ఊరి పేరు మాత్రమే ఉంటుంది. కొందరు కావాలనే తప్పు చిరునామా ఇస్తారు, టీబీ వాళ్ల బండి ఇంటిముందు ఆగితే పెళ్లి కావాల్సిన పిల్లకు సంబంధాలు తప్పిపోతాయని భయం. ఆ భయాన్ని మనం తీర్చలేకపోవచ్చు. కానీ ల్యాబ్ కిటికీలోంచి "టీబీ ఎవరమ్మా, టీబీ!" అని అరవకుండా ఉండగలం కదా.

పిల్లల గురించి ఎక్కువ చెప్పను, అది వేరే ప్రసంగం. వాళ్లు కళ్లె తియ్యలేరు, మింగేస్తారు. అందుకే ఇప్పుడు మలంలో కూడా ఈ క్రిమిని వెతికే పరీక్షను ఒప్పుకున్నారు. మెడ దగ్గర గడ్డలు, వెన్నులో నొప్పితో వచ్చే టీబీకి కళ్లె పరీక్ష ఒక్కటే సరిపోదు, పెద్ద ఆసుపత్రికి పంపాల్సిందే.

టార్గెట్ల గురించి మాత్రం ఒక మాట. నెలకు ఇన్ని కళ్లె పరీక్షలు అని పైనుంచి అంకె వస్తుంది. నెలాఖరుకు అంకె తగ్గితే ఏం జరుగుతుందో ఇక్కడున్న అందరికీ తెలుసు, నా నోటితో చెప్పించకండి. జలుబు చేసినవాడి దగ్గర, తోడుగా వచ్చినవాడి దగ్గర కప్పులు నింపేస్తారు. పరీక్షలు పెరిగాయి, పాజిటివ్‌లు పెరగలేదు, పైవాళ్లు "జబ్బు తగ్గుముఖం పట్టింది" అని రాసుకుంటారు. అసలు దగ్గేవాడి స్లైడు ఆ కుప్పలో పడి, ఇరవై ఫీల్డుల్లో నెగటివ్ అయిపోతుంది.

అక్కడ సిస్టర్ గారు చాలాసేపట్నుంచి చెయ్యెత్తి ఉన్నారు, అడగండమ్మా.

(ప్రశ్న: నేను ఒక్కదాన్నే ఉంటాను. ఇంజెక్షన్లు, మందులు, కాన్పులు అన్నీ చూసుకోవాలి. కప్పిచ్చిన ప్రతి మనిషి వెనక నిలబడి దగ్గించడం నావల్ల అవుతుందా?)

అవ్వదమ్మా. అవుతుందని చెప్తే నేను అబద్ధం చెప్పినట్టే. మనుషుల్ని ఇవ్వకుండా పని మాత్రం చెప్తారు, ఆ కోపం న్యాయమైనదే, అది మీరు పైవాళ్లతో గట్టిగా అడగాలి, నేనూ అడుగుతాను. ఈలోపు ఒకటి చెయ్యండి. ప్రతి మనిషికీ కాదు. గత నెల ఓపీ రిజిస్టరు, ల్యాబ్ రిజిస్టరు రెండూ పక్కపక్కన పెట్టండి. ఓపీలో దగ్గు అని రాసినవాళ్లలో రెండుసార్లు వచ్చిన పేర్లు ఎన్నున్నాయో చూడండి. ఆ పేర్లు ల్యాబ్ రిజిస్టరులో ఉన్నాయో లేవో చూడండి. అరగంట పని, కాన్పులు లేని మధ్యాహ్నం పెట్టుకోండి. నేను చివరిసారి ఇలా చూసినచోట రెండుసార్లు వచ్చిన దగ్గువాళ్లు పదకొండు మంది తేలారు, అందులో ల్యాబ్ దాకా వచ్చినవాళ్లు ఇద్దరు. మిగిలిన తొమ్మిది మందికి కబురు పెడితే ఆరుగురు వచ్చారు. వాళ్ల వెనక మాత్రం నిలబడి దగ్గించాం. ఒకావిడకి త్రీ ప్లస్. ఆవిడ అప్పటికి నాలుగుసార్లు మన దగ్గరికే వచ్చింది, ప్రతిసారీ దగ్గుమందే ఇచ్చాం.